మాతు అమ్మమ్మ మొదటి ఆట

శుక్రవారం పొద్దున ప్రసీన వేసుకున్న పథకానికి వంక పెట్టడానికి ఏమీ లేదు. ముందు బియ్యప్పిండి ఆవిరి మీద ఉడికించే పుట్టు, శనగల కూర. తర్వాత భర్త రాజీవన్ చేత గడ్డం గీయించి ఇస్త్రీ చొక్కా తొడిగించడం. ఆ తర్వాత సినిమా ఉన్న హార్డ్ డిస్కు తీసుకెళ్లి టాకీసులో అప్పగించి, టికెట్ల కిటికీ పక్కన నిలబడి వచ్చినవాళ్లందరికీ నవ్వుతూ నమస్కారాలు పెట్టడం. పదకొండు గంటలకు మొదటి ఆట.

రాజీవన్ వెల్లిక్కుళం హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు. వరదలో కొట్టుకుపోయిన కోడిపుంజును వెతుక్కుంటూ ఒక ముసలావిడ పడవేసుకుని ఏటి వెంట సముద్రం దాకా వెళ్లే కథను, బడి వదిలాక మిగిలిన పొద్దంతా కూర్చుని, ఏళ్ల తరబడి బొమ్మ తర్వాత బొమ్మగా గీశాడు. సినిమా పేరు ‘మాతు’. ఆ ముసలావిడకు పేరూ, ముఖమూ, నోటి దురుసూ అరువిచ్చింది వాళ్లింట్లోనే ఉండే మాతు అమ్మమ్మ. రాజీవన్ తల్లికి పిన్నమ్మ. ఒకప్పుడు బీడీ కార్మికుల సమ్మెలు నడిపిన మనిషి. ఆవిడకు యజమానులెంత భయపడేవారో, సంఘంవాళ్లూ అంతే భయపడేవారు.

బొమ్మలు గీయడం కష్టమని అందరూ చెప్పారు. గీసినవాటిని జనానికి చూపించడం అంతకన్నా కష్టమని ఎవరూ చెప్పలేదు. ఆ పని ప్రసీన నెత్తిన పడింది. కొచ్చిలో ఒక పంపిణీదారు, "పిల్లల సినిమాలో ముసలావిడేమిటమ్మా?" అన్నాడు. కోళిక్కోడులో ఇంకొకాయన, "పెద్దవాళ్ల సినిమా అయితే బొమ్మలెందుకమ్మా?" అన్నాడు. మూడో ఆయన సినిమా మొత్తం చూసి, రెండుసార్లు కళ్లు తుడుచుకుని, "అద్భుతంగా ఉంది, ఎవరూ చూడరు" అని సెలవిచ్చాడు. ఇంటర్నెట్టులో సినిమాలు వేసే కంపెనీలకు ఫోను చేస్తే, మీ మాట మాకెంతో విలువైనదని ఒక యంత్రం చెప్పేది. పైదేశంలో ఏదో ఉత్సవంలో బహుమతిగా ఇచ్చిన గాజు పిట్ట మాత్రం షోకేసులో కూర్చుని ఉంది. దాన్ని చూపిస్తే టాకీసులవాళ్లు, "బాగుంది, ఎక్కడ కొన్నారు?" అని అడిగేవారు.

చివరికి సొంత ఊళ్లో ఉన్న ఒకే ఒక్క టాకీసు యజమాని లక్ష్మణన్ మెత్తబడ్డాడు. "శుక్రవారం పొద్దుటాట ఇస్తాను. సగం హాలు నిండితే వారమంతా ఉంచుతాను. నిండకపోతే మ్యాట్నీ నుంచి పెద్ద హీరో సినిమా పడుతుంది. తర్వాత నన్ను తిట్టుకోకూడదు మరి," అన్నాడు. సొంత ఊళ్లో ఒక్క ఆటకే ఎత్తేసిన సినిమాను ఇంకో ఊరివాడు తాకనైనా తాకడని ప్రసీనకు తెలుసు. ఆ సగం హాలు మీదే రాజీవన్ సగం జీవితం ఆధారపడి ఉంది.

పోస్టరు సంగతి మాత్రం రాజీవన్ ఎవరి మాటా వినలేదు. "నిండా ముఖం ఒక్కటే ఉండాలి. నలుపూ తెలుపూ. కింద మాతు అని పేరు, శుక్రవారం పదకొండు గంటలకు అని. అంతే. ఎవరీవిడ అని జనం ఆగి ఆలోచించాలి," అన్నాడు. టాకీసు పేరైనా వెయ్యమంటే, "ఊళ్లో ఉన్నది ఒక్కటే కదా!" అన్నాడు. ప్రసీన ఆ బొమ్మను కూడలిలో ఫ్లెక్సీలు వేసే పవిత్రన్‌కు ఫోనులో పంపి, రాత్రికి కూడళ్లన్నిటా కట్టించమని చెప్పింది. అతను ఎందుకో చాలా మెల్లగా, "అంతా నేను చూసుకుంటానక్కా, మీరు నిశ్చింతగా ఉండండి," అన్నాడు. ఎంత మర్యాదస్థుడు అనుకుంది.

పొయ్యి మీద పుట్టు గొట్టం పెట్టి ఆవిరి రావడం కోసం చూస్తుండగా, పక్కింటి నళిని పెద్ద ఫ్లాస్కుతో, గిన్నెడు ఉప్మాతో లోపలికి వచ్చి, వస్తూనే పొయ్యి ఆర్పేసింది.

"ఇవాళ నువ్వు పొయ్యి వెలిగించడమేమిటి ప్రసీనా! మేమంతా లేమూ?"

ప్రసీనకు కళ్లు చెమ్మగిల్లాయి. ఇన్నాళ్లూ తన భర్త పిచ్చి బొమ్మలు గీస్తున్నాడని వెనకాల నవ్వుకున్న మనిషి! "నీకెందుకు నళినీ శ్రమ?"

"శ్రమేమిటి! పదకొండుకే కదా?"

"అవును, పదకొండుకి. నువ్వూ తప్పకుండా రావాలి."

"రాకుండా ఉంటానా! ఊరంతా వస్తుంది చూడు."

"మీ ఆయన?"

"మగవాళ్లు లేకపోతే ఎలా కుదురుతుంది? లీవు పెట్టేశాడు."

లీవు పెట్టి మరీ సినిమాకు వస్తున్నారంటే సగం హాలేం ఖర్మ, హాలంతా నిండుతుందని ప్రసీన మనసు గాలిలో తేలింది. ఇంతలో వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలు దిగాయి. ఎవరో నీలం టార్పాలిన్ కొబ్బరిచెట్లకు కట్టడం మొదలుపెట్టారు. గడ్డం గీసుకుంటూ సగం నురగతో బయటికి వచ్చిన రాజీవన్, "కళాకారుణ్ణి ఊరు ఎప్పటికైనా గుర్తిస్తుందని చెప్పలేదూ?" అన్నాడు భార్యతో. వీధివాళ్లు ఒక్కొక్కరే వచ్చి మాట్లాడకుండా అతని చెయ్యి గట్టిగా నొక్కి పోతున్నారు. అతను నురగ తుడుచుకోవడం కూడా మరిచిపోయి అందరికీ చెయ్యి అందిస్తున్నాడు.

అప్పుడు గ్రంథాలయ కార్యదర్శి కుంజిరామన్ వచ్చాడు. ఊళ్లో పుట్టుక ఎవరింట్లోదైనా, చావు మాత్రం ఆయనది. సభ పెట్టడం, జెండా దించడం, ప్రసంగం రాయడం అన్నీ ఆయనే. ప్రసీనను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి, "ఎక్కడ ఉంచారమ్మా?" అని అడిగాడు.

డిస్కు మీద ఈయనకు ఇంత శ్రద్ధా అనుకుంది ప్రసీన. "లోపల బీరువాలో అన్నా. తాళం వేశాను."

కుంజిరామన్ ఒక అడుగు వెనక్కి వేశాడు. "బీరువాలోనా?"

"ఈ ఎండలకు పాడవుతుందేమోనని. పైగా చీమలు."

"పట్టిందా... అందులో?"

"ఎంతుంటుంది అన్నా, నా అరచేతిలో పడుతుంది."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, ఆమెను కూడా కూర్చోబెట్టాడు. "దుఃఖం మనిషిని ఏమైనా చేస్తుందమ్మా. కాసిని మంచినీళ్లు తాగు. నేనడిగింది మాతు అమ్మమ్మ గురించి."

"అమ్మమ్మ ఇక్కడెందుకుంటుంది? చెల్లెలి మనవరాలింటికని నీలేశ్వరం వెళ్లింది కదా."

"అయితే అక్కడే పోయిందన్నమాట," అన్నాడు కుంజిరామన్. "అయ్యో. మీకింకా తెలియదా? ఊరంతటికీ తెలిసిపోయింది."

ప్రసీన ఫోను కోసం లోపలికి పరుగెత్తింది. సంఘం ఆఫీసుకు ముందు కబురు వచ్చి ఉంటుంది, సంఘంవాళ్లకు అన్నీ ముందే తెలుస్తాయి. నీలేశ్వరానికి ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. చావింట్లో ఫోనెవరు ఎత్తుతారు? సంగతి విన్న రాజీవన్ సగం గడ్డంతోనే కుర్చీలో కూలబడి, "మొదటి ఆట చూస్తానందే!" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. టార్పాలిన్ కింద అందరూ కళ్లు తుడుచుకున్నారు.

ఏడుస్తూనే ప్రసీనకు సినిమా గుర్తొచ్చింది. గుర్తొచ్చినందుకు తనను తానే తిట్టుకుంది. సరిగ్గా అప్పుడే లక్ష్మణన్ ఫోను చేశాడు.

"ప్రసీనా, విన్నాను. మా నాన్న ఉన్నప్పుడు నేల టికెట్టు ధర పెంచితే, మాతు అమ్మమ్మ మా హాలు ముందు మూడు రోజులు కూర్చుంది. అంత గొప్ప మనిషి. సంతాపంగా మధ్యాహ్నం దాకా ఊళ్లో అన్నీ మూసేస్తున్నారు, హాలు కూడా మూసేశాను."

"మరి పొద్దుటాట..."

"ఆ మాట ఇప్పుడు నేనెలా మాట్లాడతానమ్మా, నువ్వెలా అడుగుతావు? మ్యాట్నీ నుంచి ఎలాగూ ఆ పెద్ద సినిమా ఉంది. అఖిలపక్ష సంతాప సభకు హాలు ఉచితంగా ఇస్తున్నాను. ధైర్యంగా ఉండు."

అలా ‘మాతు’ సినిమా, మాతు అమ్మమ్మ మీద గౌరవంతోనే, పడకముందే ఎత్తివేయబడింది.

నీలేశ్వరం వెళ్లాలి, అమ్మమ్మను తీసుకురావాలి. రాజీవన్ లేచే స్థితిలో లేడు. ఫోను మాత్రం పట్టుకుని నీలేశ్వరానికి చేస్తూనే ఉన్నాడు. ప్రసీన సంచి భుజాన వేసుకుంది. బీరువా తెరిచి, ఎందుకో తనకే తెలియకుండా, డిస్కు కూడా అందులో పడేసుకుని ఆటో కోసం కూడలికి పరుగెత్తింది. ఒక్క ఆటో లేదు. డ్రైవర్లందరూ నల్ల బ్యాడ్జీలు పెట్టుకుని మౌన జాథాకు, అంటే సంతాప ఊరేగింపుకు, వరస కడుతున్నారు. దుకాణాల తలుపులు దించి ఉన్నాయి. కూడలి మధ్య, నిలువెత్తున, ఆమె రోజూ దుమ్ము దులిపే బల్ల దగ్గర కూర్చుని తన భర్త గీసిన ముఖం.

ముఖం చుట్టూ నల్లటి అంచు వచ్చింది. నాలుగు మూలలా చేమంతులు పూశాయి. కింద ఒక దీపం వెలుగుతోంది. పైన ఇంతింత అక్షరాలతో ‘శ్రద్ధాంజలి’ అని ఉంది.

పవిత్రన్ సగం దించిన షట్టరు కింద నుంచి వంగి బయటికి వచ్చాడు. "బాగా వచ్చింది కదక్కా? దుఃఖంలో ఉన్నవాళ్లు, రాయడం మరిచిపోయి ఉంటారని పైన ఆ మాట నేనే వేశాను. పూలకూ దీపానికీ డబ్బు తీసుకోను."

"పవిత్రా, అది సినిమా పోస్టరు!"

అతను ఫ్లెక్సీ వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. "మాస్టారిది బొమ్మల సినిమా అన్నారు కదా? బొమ్మల సినిమా అంటే ఎలుకా పిల్లీ ఉంటాయి. ఇది మనిషి ముఖం. అదీ ఫొటోలా ఉంది."

"ఫొటోలా ఉందని నీకు తోచడం ఆయన గొప్పతనమేలే," అంది ప్రసీన ఏడవాలో నవ్వాలో తెలియక. మరుక్షణం ఆమెకు ఇంకో సంగతి తట్టింది. కబురు వచ్చింది ఇక్కడి నుంచే అయితే, నీలేశ్వరంలో ఎవరూ పోలేదు!

ఆ ఆనందం ఎంతోసేపు నిలవలేదు. జాథా కదిలింది. ముందు కుంజిరామన్, వెనక అన్ని పార్టీలవాళ్లూ, ఆ వెనక ఊరు. వీళ్లందరి చేతా దుకాణాలు మూయించింది నా భర్త కళాభిరుచి అని ఎలా చెప్పడం? చెప్పాలనే ఆమె ముందుకు ఉరికింది. "కుంజిరామన్ అన్నా, ఒక్క మాట..." పక్కన కర్ర పట్టుకుని నడుస్తున్న కార్యకర్త పెదవుల మీద వేలు పెట్టాడు. మౌన జాథాలో మాట్లాడటం ఆ ఊళ్లో దొంగతనం కన్నా పెద్ద తప్పు.

అప్పుడే ఉత్తరం నుంచి వచ్చిన బస్సు జాథాకు దారి ఇస్తూ ఆగింది. అందులోంచి ముందు ఒక పెద్ద నల్ల గొడుగు, తర్వాత గంజి పెట్టిన తెల్ల పంచె, ఆ తర్వాత మాతు అమ్మమ్మ దిగారు.

"బస్సు గంటసేపు ఎక్కడెక్కడో ఆపాడే. ఆట మొదలైపోయిందా?" అని, జాథాను చూసి ఆవిడ గొంతు తగ్గించింది. "ఎవరు పోయారు?"

నువ్వే అని ప్రసీన నోటికి రాలేదు. "మన... మనవాళ్లే," అంది.

"మనవాళ్లయితే నడవాలి," అని మాతు అమ్మమ్మ గొడుగు విప్పి ముఖం దాకా దించి పట్టుకుని వరస చివర చేరింది.

"అమ్మమ్మా, అసలు సంగతేమిటంటే..."

"జాథాలో మాట్లాడతావేమిటే? బి.ఏ. చదివావు, ఆ మాత్రం తెలియదూ?"

ప్రసీన నోరు మూసుకుని నడిచింది. చావని మనిషి తన సంతాపయాత్రలో తానే క్రమశిక్షణగా అడుగులేస్తోంది. మార్కెట్టు మలుపు దగ్గర అమ్మమ్మ సంచిలోంచి పెళ్లిపాట ఒకటి గట్టిగా మోగింది. ముందున్నవాళ్లందరూ వెనక్కి తిరిగి ఉరిమి చూశారు. గొడుగు ఇంకాస్త కిందికి దిగింది.

"నీలేశ్వరం పిల్లదాని ఫోను పొరపాటున నా సంచిలో పడిందే. పొద్దుటి నుంచి ఒకటే మోత. ఎక్కడ నొక్కాలో తెలియదు," అని అమ్మమ్మ చెవిలో చెప్పింది. ఆ చేస్తున్నది రాజీవన్. ప్రసీన నొక్కుదామని చెయ్యి పెడితే, "మౌనం!" అన్నాడు కార్యకర్త.

టాకీసు నిండిపోయింది. సగం కాదు, బాల్కనీతో సహా. అన్ని పార్టీల సభలు కలిపినా రానంత జనం. తెర ముందు ఫ్లెక్సీకి దండ వేసి, పుష్పచక్రాలు పేర్చారు. మాతు అమ్మమ్మ వెనక వరసలో దారి పక్క కుర్చీలో సర్దుకుని కూర్చుంది. ఆవిడకు దూరపు చూపు అంతంతమాత్రం. కుంజిరామన్ మైకు అందుకున్నాడు.

"మన మధ్య లేని ఆ మహనీయురాలు స్వభావరీత్యా మృదుభాషి. ఏనాడూ ఎవరినీ పల్లెత్తు మాట అని ఎరుగదు..."

"ఎవర్రా అది? మన ఊళ్లో అలాంటిది ఎవతె ఉందిరా కుంజిరామా?" అని వెనక నుంచి గొంతు వచ్చింది.

ఆ గొంతు ఊరందరికీ తెలుసు. హాలు మొత్తం ఒక్కసారిగా వెనక్కి తిరిగింది. నళిని కెవ్వుమంది. లక్ష్మణన్ గుండె మీద చెయ్యి వేసుకుని గోడకు ఆనుకున్నాడు. కుంజిరామన్ మాత్రం కాగితంలోకి ఒకసారి, అమ్మమ్మ వైపు ఒకసారి చూశాడు, రెండింటిలో తప్పు దేనిలో ఉందో తేల్చుకుంటున్నట్టు.

ప్రసీన పరుగున వెళ్లి మైకు ముందు నిలబడి, ఉన్నదున్నట్టు చెప్పేసింది. చెప్పడం అయ్యేసరికి హాలు కుతకుతలాడుతోంది. "మా బేరాలు పోయాయి!" అన్నారు ఒకరు. "నా లీవు?" అన్నాడు నళిని మొగుడు. "ఈ పుష్పచక్రం ఏం చేసుకోను?" అన్నారు ఇంకొకరు. ఇంక ఈ ఊళ్లో రాజీవన్ బొమ్మ గీస్తే పలక మీద కూడా ఎవరూ చూడరు అనుకుంది ప్రసీన.

మాతు అమ్మమ్మ గొడుగు పొడుచుకుంటూ మెట్లెక్కి, మైకు లాక్కుంది.

"నేను బతికుండటం వల్ల మీలో ఎవరికైనా నష్టముంటే చెయ్యెత్తండి."

లక్ష్మణన్ చెయ్యి కొద్దిగా కదిలి ఆగిపోయింది.

"లేదు కదా. దుకాణాలు మధ్యాహ్నం దాకా తెరవకూడదని మీరే తీర్మానించుకున్నారు. తీర్మానం తీర్మానమే. ఇళ్లకు పోయి ఏం చేస్తారు, పెళ్లాల్ని సతాయించడం తప్ప? నన్ను నేను చూసుకుందామని అంత దూరం నుంచి బస్సులో నిలబడి వచ్చాను. లక్ష్మణా, టికెట్ల కిటికీ తెరువు. మీరంతా వరసగా వెళ్లి టికెట్టు తీసుకుని, మళ్లీ ఎవరి కుర్చీల్లో వాళ్లు కూర్చోండి. చచ్చినదానికి పూలు కొన్నారు, బతికినదానికి టికెట్టు కొనలేరా?"

ఎవరో నవ్వారు. ఆ నవ్వు వరస తర్వాత వరసగా బాల్కనీ దాకా పాకింది. జనం లేచి, జాథాలో నడిచినంత బుద్ధిగా కిటికీ దగ్గర వరస కట్టారు.

"నా ప్రసంగం ఇంకా రెండు పేజీలుంది," అన్నాడు కుంజిరామన్ దిగులుగా.

"చదువు నాయనా. నిజంగా పోయినప్పుడు నాకు వినపడదు. ఆ మృదుభాషి అన్నది మాత్రం కొట్టెయ్."

ప్రసంగం అయ్యాక ప్రసీన సంచిలోంచి డిస్కు తీసి ఇచ్చింది. దీపాలు ఆరాయి. తెర మీద ఏరు పొంగింది, కోడిపుంజు కొట్టుకుపోయింది, ముసలావిడ పడవెక్కింది. మాతు అమ్మమ్మ తన పక్కనున్నవాళ్లకే అనుకుని హాలంతటికీ వినిపించేలా, "ముక్కు అంతుంటుందా నాకు?", "తెడ్డు అలాగా వేసేది!" అంటూనే ఉంది. జనం ఆవిడ మాటకొకసారి, తెర మీది ఆవిడ మాటకొకసారి నవ్వారు. సముద్రం దగ్గర పుంజు కూత వినబడి, పడవలో ముసలావిడ తెడ్డు ఆపి చెవి రిక్కించిన చోట మాత్రం అమ్మమ్మ కూడా మాట్లాడలేదు. ప్రసీన తెర చూడలేదు. ఆ బొమ్మలన్నీ ఆమెకు కంఠతా వచ్చు. తెర వెలుగు పడి మెరుస్తున్న ముఖాలను ఒక్కొక్కటీ చూస్తూ గోడ పక్కనే నిలబడిపోయింది. కొచ్చి ఆయన, కోళిక్కోడు ఆయన, కళ్లు తుడుచుకున్న ఆయన, ఎవరూ ఆమెకు గుర్తు రాలేదు.

"ఆ పెద్ద సినిమా వచ్చే వారం చూద్దాంలే," అన్నాడు లక్ష్మణన్, ఆట వదిలాక, ముక్కు చీదుకుంటూ. "ఇప్పుడే మ్యాట్నీకి కూడా అడుగుతున్నారు. రెండోసారి చూస్తారట. మొదటిసారి నవ్వుల గోలలో అమ్మమ్మ మాటలు సగం వినపడలేదట."

అప్పుడు గుర్తొచ్చింది ప్రసీనకు, ఈ సంగతులేవీ రాజీవన్‌కు ఎవరూ చెప్పలేదని.

ఇంటికి వెళ్లేసరికి టార్పాలిన్ కింద అతనొక్కడే ఉన్నాడు. సగం ముఖం నున్నగా, సగం గడ్డంతో, ఒళ్లో ఫోను పెట్టుకుని, కళ్లు వాచిపోయి. తన సినిమా మొదటి ఆట నిండు హాల్లో పడి, నవ్వించి, ఏడిపించి, అయిపోయిందని అతనికి తెలియదు. గేటు తీసుకుని వచ్చిన అమ్మమ్మను చూసి లేవబోయి, కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు.

"ఏడ్చింది చాలు గానీ లే," అంది మాతు అమ్మమ్మ. "సినిమా బాగుంది. ముక్కు సరిచెయ్యి."

అతనికి జరిగింది చెప్పడానికి రెండు గ్లాసుల పాలు లేని కట్టన్ చాయ పట్టింది. మొదటి గ్లాసుకు ఏడుపు ఆగింది, రెండోదానికి నవ్వు మొదలైంది. నళిని తెచ్చిన ఉప్మా చల్లారిపోయినా ముగ్గురూ గిన్నె ఖాళీ చేశారు. ఎవరో తిరిగి తీసుకెళ్లకుండా హాల్లో వదిలేసిన పుష్పచక్రాన్ని అమ్మమ్మ తెచ్చి కిటికీకి తగిలించింది, పూలు బాగున్నాయని.

సాయంత్రానికి ఫోను మోగడం మొదలైంది. ఇన్నాళ్లూ ప్రసీన ఫోను ఎత్తని పక్క పట్నం టాకీసు యజమాని, ఈసారి తానే చేసి, ఎంతో గౌరవంగా మాట్లాడాడు.

"విన్నానమ్మా, హౌస్‌ఫుల్లట కదా! మా హాల్లోనూ వేద్దాం. సినిమా ఎలా ఉన్నా ఫర్వాలేదు. అయితే మా ఊళ్లో కూడా అదే పద్ధతి జరగాలి. అమ్మమ్మగారి పేరు ఇక్కడా అందరికీ తెలుసు. బుధవారం పోయినట్టు పెట్టుకుంటే మాకు బాగా కలిసొస్తుంది. ఒక్కసారి అడిగి చెప్తారా?"

ప్రసీన ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి, లోపలికి వెళ్లి అడిగింది.

బుధవారం పళ్ల డాక్టరు రమ్మన్నాడనీ, గురువారమైతే చనిపోవడానికి తనకేమీ అభ్యంతరం లేదనీ మాతు అమ్మమ్మ చెప్పింది.